దొంగ మైకు

శృంగవరపుకోట బజారులో జనం భీమశంకరరావు చెవిని నమ్మినంతగా తాసిల్దారు సంతకాన్ని కూడా నమ్మరు. ఆయనది గిన్నెల కొట్టు. బిందె గానీ, కంచు గిన్నె గానీ ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి చూపుడువేలి కణుపుతో ఒక్కటి కొడతాడు. తల పక్కకి వాల్చి వింటాడు. "బీట ఉన్నాది, వద్దు," అన్నాడంటే కంటికి కనపడని బీట అందులో ఉండే తీరుతుంది. పోనుపోను ఆ చెవి పేరు గిన్నెలు దాటిపోయింది. ఊళ్ళో ఎవరు మిక్సీ కొన్నా, నీళ్ళ మోటారు కొన్నా, ఆఖరికి పాత మోటారుసైకిలు కొన్నా, ముందు ఆ కొట్టు ముందుకి తెచ్చి, "ఓపాలి ఇనీసి సెప్పు బావా," అనడం అలవాటైపోయింది.

ఆ చెవితో ఇరవై నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి ఝాన్సీలక్ష్మి. ఆవిడకి ఆ చెవి మీద ఒక పాత కక్ష ఉంది.

పెళ్ళయిన మొదటి శ్రావణ శుక్రవారం, అత్తవారింట్లో పేరంటం జరిగింది. కొత్తకోడల్ని చూద్దామని వీధి వీధంతా వచ్చింది. అమ్మవారికి హారతి ఇస్తూ ఝాన్సీలక్ష్మి వాళ్ళమ్మ నేర్పిన మంగళహారతి గొంతెత్తి పాడింది. రెండో చరణంలోకి వచ్చిందో లేదో, వీధి అరుగు మీద స్నేహితులతో కూర్చున్న కొత్త పెళ్ళికొడుకు, "మా ఆవిడ గొంతు మాటేసిన బిందెరా," అన్నాడు. చిల్లుపడ్డ చోట సీసంతో మాటు వేసిన బిందెని ఎప్పుడైనా కొట్టి చూస్తే, అది ఎంత చచ్చుగా పలుకుతుందో తెలుస్తుంది. అరుగు మీదవాళ్ళు పగలబడి నవ్వారు. కిటికీకి ఇవతల పేరంటాళ్ళు పైటచెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంకొకడెవడైనా అని ఉంటే వేళాకోళం కింద పోయేది. అన్నది భీమశంకరరావు కాబట్టి అది తీర్పై కూర్చుంది.

అప్పట్నుంచి ఏ పేరంటంలోనూ "నువ్వొక పాట పాడమ్మా" అని ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు. సొంత ఇంట్లో శుక్రవారం చేసినా వెనకింటి పద్మకుమారే వచ్చి, గొంతు బాగాలేదని నాలుగుసార్లు బతిమాలించుకుని, హారతి పాడి పోతుంది. ఝాన్సీలక్ష్మి పళ్ళెం తిప్పుతుంది, నోరు విప్పదు. ఏటా ఆ శ్రావణమాసం వస్తోందంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

అలాగని పాట మానేసిందా అంటే, ఎందుకు మానేస్తుంది? భీమశంకరరావు మధ్యాహ్నం భోంచేసి, నడిమింట్లో పట్టెమంచం మీద గంటసేపు పడుకుంటాడు. తల దిండుకి తగలగానే గురక ఎత్తుకుంటాడు. ఆ గురకలో ఏం చేసినా ఎవరికీ వినపడదు కాబట్టి, ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఆ గంటా పాడుకుంటుంది. ఇంతా చేసి, ఆ గురక ఉన్నట్టు మాత్రం ఆయన ఒప్పుకోడు. "నాకు గురకేటి? సీమ సిటుక్కుమన్నా లేస్తాను. నా సెవికి ఇనపడందే నేనొప్పుకోను," అంటాడు. నిద్రపోయేవాడి చెవికి వాడి గురక ఎలా వినపడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇలా సాగుతున్న సంసారంలోకి రెండువేల పన్నెండు శ్రావణానికి వారం ముందు ఒక చిన్న వీడియో కెమెరా వచ్చింది. తెచ్చినవాడు ఝాన్సీలక్ష్మి తమ్ముడు ఆనంద్‌కుమార్. వాడికి విజయనగరంలో గంటస్తంభం దగ్గర టీవీల కొట్టుంది.

"పెళ్ళిళ్ళలో భుజాన మోస్తారే, అలాటిది కాదు బావా ఇది. పుట్టినరోజులకీ, తిరపతి ప్రయాణాలకీ ఇంట్లోవాళ్ళే తీసుకుందుకు. అన్నిట్లోకీ సవకరకం. వారం రోజులుంచుకుని మంచీసెడ్డా రాసివ్వు. నువ్వు బావుందంటే ఎస్.కోటలో నలభై ఇళ్ళు కొంటాయి. లేదంటే నేను ఆర్డరే పెట్టను," అన్నాడు.

భీమశంకరరావు మొట్టమొదట చెయ్యవలసిన పని చేశాడు. కెమెరాని అరచేతిలో నిలబెట్టి వేలి కణుపుతో టక్కున కొట్టాడు.

"బావా! అది బిందె కాదు!" ఆనంద్‌కుమార్ ప్రాణం గిలగిల్లాడింది.

"తెల్సులేరా. ఒట్టి ప్లాస్టిక్కు, పలకదు," అని ఆయన నోటుపుస్తకం తీశాడు. ఏ వస్తువుకైనా గుణదోషాలు అందులో రాసి, చివర్న సంతకం పెట్టడం ఆయన పద్ధతి. ఆ సంతకం పడ్డాక బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా మాట మార్చడు.

ఆ వారమంతా ఇల్లు సంతలా ఉంది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు హర్షిత ఒక్క పూటలో మీటలన్నీ నేర్చేసుకుంది. పగలు పెరట్లో తీస్తే మందారం రేకు మీద చీమ కూడా కనపడింది. సాయంత్రం ట్యూబులైటు కింద తీస్తే అందరి మొహాల మీదా గసగసాలు చల్లినట్టు వచ్చింది. బ్యాటరీ యాభై నిమిషాలకి కళ్ళు మూసింది. ఇవన్నీ భీమశంకరరావు న్యాయంగానే రాశాడు. జూము దగ్గరికి వచ్చేసరికి న్యాయం కాస్త పక్కకి జరిగింది. మేడెక్కి, బజారు ఆ చివరనున్న కూర్మయ్య గిన్నెల కొట్టులోకి గురిపెట్టి, ఎవరెవరు వెళ్తున్నారో, ఏమేం పట్టుకొస్తున్నారో ఒక పూర్తి బ్యాటరీ అయ్యేదాకా చూశాడు. "మన సోములు కూడా కుక్కరు అక్కడే కొన్నాడే!" అని దిగివచ్చి కాసేపు బాధపడ్డాడు. ఆ తరవాత 'జూము: అమోఘం' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

గొడవంతా మైకు దగ్గర వచ్చింది.

ముందు ఆయన తల్లి అప్పలనరసమ్మ తన బొమ్మ టీవీలో చూసుకుని, "మొహం నాదే గానీ గొంతు నాది కాదే. పోయిన మా ఆడబిడ్డ గొంతు ఇందులోకెలా దూరిందే?" అని హడలిపోయింది. హర్షిత తన గొంతు విని చెవులు మూసుకుంది. మిగతావాళ్ళు "అచ్చు నీ గొంతే" అన్నారు. ఎవరి గొంతు వాళ్ళకి తప్పుగా, పక్కవాళ్ళకి సరిగ్గా వినిపించింది. భీమశంకరరావుకి తన గొంతు గంగాళం మోగినట్టు ఉంటుందని గట్టి నమ్మకం. టీవీలో మాత్రం టీ గ్లాసులో చెంచా తిప్పినట్టు వచ్చింది.

"ఇది నేను కాను. ఈ మైకు దొంగది. మనిషి గొంతు మార్చీసి సెప్తన్నాది," అన్నాడు.

"మాకు సరిగ్గానే ఉన్నాది నాన్నా," అంది హర్షిత.

"మీ సెవులకేటి తెల్సే," అని ఆయన 'మైకు: దొంగది' అని రాసేశాడు. సంతకం ఆదివారం ఆనంద్‌కుమార్ ఎదుటే పెడతానన్నాడు.

ఝాన్సీలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన గొంతు బాగాలేదంటే ఆయన చెవి గొప్పది. ఆయన గొంతు బాగాలేకపోతే మైకు దొంగది! ఇదెక్కడి న్యాయం? పైగా ఈ దొంగ న్యాయం వల్ల తమ్ముడి బేరం కూడా పోయేలా ఉంది. ఆ గురక ఒక్కసారి టీవీలో నలుగురికీ వినిపిస్తే గానీ ఈ మనిషి నేల మీదికి దిగడు అనుకుంది.

గురువారం మధ్యాహ్నం ఆయన మంచం మీద వాలబోయేముందు, ఆవిడ కెమెరాని ఎదురుగా గూట్లో రెండు మరచెంబుల మధ్య పెట్టి మీట నొక్కింది. ముందువైపు చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. అది ఆయన కంట పడితే పని చెడుతుంది. నుదుటి బొట్టుబిళ్ళ తీసి ఆ దీపం మీద అంటించింది. ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయి, నవ్వుకుంటూ గిన్నెలు సర్దుకుంది. ఇంతవరకూ ఆవిడ వేసిన ఎత్తులో లోపమేమీ లేదు. ఒక్కటే మరిచిపోయింది. ఇరవై నాలుగేళ్ళ అలవాటు ఎత్తులూ పైఎత్తులూ ఎరగదు. అవతల గురక మొదలవగానే, ఇవతల నోరు దానంతటదే తెరుచుకుంది.

ఆదివారం ఆనంద్‌కుమార్ వచ్చాడు. భోజనాలయ్యాక హర్షిత కెమెరాకీ టీవీకీ వైరు తగిలించింది. అప్పలనరసమ్మ కుర్చీ ముందుకి జరిపించుకుంది. భీమశంకరరావు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీశాడు.

"ఇంకోటి ఉన్నాదండి. ఇది కూడా సూసి సంతకం పెట్టండి," అంది ఝాన్సీలక్ష్మి.

టీవీలో పట్టెమంచం వచ్చింది. మంచం మీద బనీనూ, బనీనులోంచి పొట్టా కనిపించాయి. తరవాత గురక వచ్చింది. మొదట ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు మొదలై, రానురాను పెరిగి, ఒక దశలో గూట్లో మరచెంబులు కూడా అదిరిన చప్పుడు వినిపించింది. ఆనంద్‌కుమార్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. హర్షిత నేల మీద దొర్లింది. ఝాన్సీలక్ష్మికి ఇరవై నాలుగేళ్ళ ఆకలి తీరినట్టయింది.

భీమశంకరరావు రెప్ప కూడా వెయ్యలేదు. "సెప్పాను కదరా దొంగ మైకని. లేనివి కల్పిస్తాది. అదేదో వీధిలో లారీ."

"లారీ సప్పుడుకి మీ పొట్టెందుకు ఎగిరిపడ్తన్నాదండి?" అంది ఝాన్సీలక్ష్మి.

"బొమ్మ వేరు, సప్పుడు వేరు. రెండూ అతికించీసింది," అని ఆయన పెన్ను కాగితం మీద ఆనించాడు.

సరిగ్గా అప్పుడే టీవీలో గురక క్షణకాలం ఆగింది. ఆ సందులోంచి, దూరంగా గిన్నెల చప్పుడు వెనకాల, ఒక పాట వినిపించింది.

 తానేం చేసిందో ఝాన్సీలక్ష్మికి అప్పుడు తెలిసింది. నలుగురిలో మళ్ళీ ఆ మాటే వినాలి కాబోలు! "హర్షితా, ఆపీవే!" అని అరిచింది. ఆ పిల్ల ముందే అంతా చూసి పెట్టుకుంది. ఆపకపోగా సౌండు పెంచింది.

భీమశంకరరావు చెయ్యి పైకెత్తాడు. కొట్లో గిన్నె కొట్టేముందు బేరగాళ్ళందరినీ నోరు మూయించడానికి ఎత్తే చెయ్యి అది. తల పక్కకి వాలింది, కళ్ళు సగం మూతపడ్డాయి. ఆ తల వాల్చడం ఝాన్సీలక్ష్మి కొన్ని వేల గిన్నెల మీద చూసింది. తనకోసం వాలడం ఇదే మొదలు. గురక మళ్ళీ వచ్చి పాటని మింగింది. ఆగింది. పాట మళ్ళీ తేలింది. ఆయన వేలి కణుపు తనకి తెలియకుండానే కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తోంది.

"బీట లేదు," అని గొణిగాడు. "సొట్ట లేదు. మాటు లేదు. ఎవర్దిరా ఈ గొంతు? పద్మకుమారిది కాదు, ఆవిడ ముక్కుతో పాడతాది. పక్కింట్లో రేడియో ఏటి?"

అప్పలనరసమ్మ కొడుకువైపు జాలిగా చూసింది. "నీ పెళ్ళాందిరా. మద్దేనం నువ్వు గురకెట్టగానే అది పాడతాది. ఎన్నాళ్ళబట్టో ఇంటన్నాను. నీ గురకే లేకపోతే ఇంకా బాగా ఇనపడును."

 ఆనంద్‌కుమార్ మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. "అయితే బావా, ఈ మైకు లేనివి కల్పిస్తాది కదా. గురక కల్పించినట్టే పాటా కల్పించీసుంటాది. సంతకం పెట్టీ మరి."

భీమశంకరరావు కాగితం వైపు చూశాడు, టీవీ వైపు చూశాడు. మైకు మంచిదంటే గురక తనది. మైకు దొంగదంటే ఇప్పుడు తన చెవి విన్నది అబద్ధం. ఎటు తిరిగినా గోడే. పెన్ను ఎత్తిన చోటే ఆగిపోయింది.

"పెట్టండి," అంది ఝాన్సీలక్ష్మి.  "నాది మాటేసిన బిందె కదా. మీ సెవి ఎప్పుడూ తప్పు సెప్పదు కదా."

 ఆయన నేల చూపులు చూస్తూ, "ఆరోజు నేను ఇన్లేదే," అన్నాడు.

"ఏటి ఇన్లేదు?"

"నీ పాట. అరుగు మీద కూర్మయ్యా వాళ్ళూ కూకున్నారు. పెళ్ళాం పాటకి ఈడు పడిపోయాడ్రా అని ఏడిపిస్తన్నారు. తప్పించుకుందావని నోటికొచ్చింది అనీసాను. సెవి పెట్టి ఇన్లేదు."

ఆయన చెవి పొరపాటు పడి ఉంటుందని ఆవిడ ఎప్పుడైనా అనుకునేది. అసలు విననే లేదని మాత్రం ఏనాడూ అనుకోలేదు. "కొట్టి సూడకుండానే సెప్పీసారా?" అంది. "ఉగ్గుగిన్నెకి కూడా ఓపాలి కొట్టి ఇంటారు కదండీ మీరు!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందులో దుఃఖం కంటే కోపమే ఎక్కువ.

 భీమశంకరరావు పుస్తకం మీదికి వంగాడు. 'మైకు: దొంగది' అన్నది కొట్టేశాడు. 'మైకు: నికార్సైనది. ఉన్నది ఉన్నట్టు చెప్తుంది' అని రాశాడు.

హర్షిత భుజం మీంచి తొంగిచూసింది. "ఎలా తెల్సిందో కూడా రాయి నాన్నా. రాయకపోతే జనం నమ్మరు."

ఆయన కూతురివైపు కొరకొరా చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ మొహంలో నవ్వు లేదు. మళ్ళీ వంగి, 'నా గురకతో స్వయముగా పరీక్షించితిని' అని రాసి, సంతకం పెట్టాడు.

"ఆనందూ, ఆ కాయితం అద్దం కట్టించి నీ కొట్లో గోడకి పెట్టు," అంది ఝాన్సీలక్ష్మి.

"ఒసే, నలుగురూ సూస్తారే!"

"మీరా మాట అరుగు మీద అన్నారు. ఇంట్లో అన్లేదు."

ఆనంద్‌కుమార్ ఆలస్యం చెయ్యలేదు. బుధవారానికల్లా విజయనగరం వెళ్ళొచ్చినవాళ్ళ నోటివెంట సంగతి ఎస్.కోట చేరింది. కూర్మయ్య పనిగట్టుకుని కొట్టు దాకా నడిచొచ్చి, "ఏటి బావా, గురకతో పరీచ్చ సేస్తన్నావట. మా ఇంట్లో ఫ్యానొకటి తేడాగున్నాది, ఓపాలి వచ్చి పడుకుంటావేటి?" అన్నాడు. బజారంతా నవ్వింది. భీమశంకరరావు తలొంచుకుని చెంబులు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే ఆ కెమెరాని సొంతానికి ఉంచేసుకుంటున్నానని బావమరిదికి ఫోను చేశాడు.

శుక్రవారం వచ్చింది. పేరంటాళ్ళతో ఇల్లు నిండింది. హారతి వేళకి పద్మకుమారి చాప మధ్యలో కూర్చుని, "గొంతు బావులేదమ్మా," అని బతిమాలించుకోవడానికి సిద్ధమైంది.

"బావులేకపోతే ఊరుకోమ్మా. ఈపాలి మా కోడలు పాడతాది," అంది అప్పలనరసమ్మ.

ఝాన్సీలక్ష్మి పళ్ళెం పట్టుకుని నిలబడింది.  మొదటి మాట సగంలో విరిగింది. పేరంటాళ్ళలో ఎవరో పైటచెంగు నోటి దాకా తీసుకెళ్ళడం చూసింది. అప్రయత్నంగా కిటికీలోంచి అరుగు వైపు చూసింది.

పేరంటంలో మగవాళ్ళకి పనేమిటి? అందుకని భీమశంకరరావు అరుగు మీదే నిలబడి, కిటికీ ఊచల్లోంచి కెమెరా గురిపెట్టాడు. ఆయన పక్కన కూర్మయ్యా, సోములూ కూర్చున్నారు. కూర్మయ్య ఏదో అనబోయాడు. భీమశంకరరావు కెమెరా మీంచి కన్ను తియ్యకుండానే ఒక చెయ్యి పైకెత్తాడు. కూర్మయ్య నోరు మూతపడింది.

ఆవిడ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. రెండో చరణం దాటింది. మూడోది కూడా పాడింది.

పేరంటాళ్ళు శనగలూ తాంబూలాలూ తీసుకుని వెళ్ళాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. భీమశంకరరావు జూము మరీ దగ్గరికి లాగి, ఒంటి చేత్తో పట్టుకున్నాడేమో, అమ్మవారూ ఝాన్సీలక్ష్మీ కలిసి పడవలో ఊగుతున్నట్టు కనపడ్డారు. పాట దూరంనుంచి సన్నగా వచ్చింది. రెండో చరణం మధ్యలో మైకు పక్కనే, పెద్దగా, సుర్రుమని ఒక చప్పుడు వినిపించింది. మళ్ళీ ఇంకోటి. ఆ తరవాత ఎవరో గట్టిగా ముక్కు చీదారు.

"నాన్నా, నిలబడి కూడా గురకేటి?" అంది హర్షిత.

"అది... ఆ మైకు..." అని మొదలెట్టి, ఆయన చటుక్కున ఆగిపోయాడు. "మంచిదేలే," అని గొణిగి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మళ్ళీ పెట్టవే," అంది ఝాన్సీలక్ష్మి.

హర్షిత పాటని మొదటికి తిప్పబోయింది.

"పాట కాదే. ఆ ముక్కు దగ్గర్నించీ పెట్టు."